కామేశం కొట్లో అనకూడని మాట

కాలవగట్టు బజారులో చుండూరి కామేశం కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు. వాసన పట్టుకుని వెళ్ళమంటారు. పసుపు, గంధం, కర్పూరం, తడి మామిడాకులు, కొత్త నూలు, అన్నీ కలిసిన వాసన ఒకటి వంతెన దిగగానే ఎదురొస్తుంది. దాని వెంట నడిస్తే అదే తిన్నగా తీసుకెళ్ళి కామేశం ముందు నిలబెడుతుంది.

అది పెళ్ళిసరుకుల కొట్టు. పసుపుతాడు దగ్గర్నుంచి బాసికాలు, కంకణాలు, గాజులు, అడ్డుతెర దాకా అన్నీ అక్కడే దొరుకుతాయి. అంతకన్నా మంచి సరుకు అమ్మే కొట్లు పట్నంలో ఉన్నాయి. అయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పడవ కట్టించుకుని మరీ కామేశం దగ్గరికే వచ్చేవారు. ఎందుకంటే ఆ కొట్లో చెడ్డమాట వినపడదు.

ఈ పద్ధతి కామేశం తండ్రి పెట్టాడు. ఒకరింట్లో నూరేళ్ళు నిలవాల్సిన సరుకు మన చేతి మీదుగా వెళుతోంది, దాని చెవిన చెడ్డమాట పడనియ్యకూడదురా అని ఆయన కొడుకుతో చెప్పాడు. పసుపుతాడుకి చెవులెక్కడుంటాయని కామేశం అడగలేదు. అడిగే వయసు వచ్చేసరికి అలవాటైపోయింది.

కుంకుమ అయిపోతే ఆ కొట్లో అయిపోయిందనరు, నిండుకుందంటారు. గాజులు పగిలితే పెరిగాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. సరుకు తీసుకుని వెళ్ళేవాళ్ళు పోతామనరు, వస్తామంటారు. ఇందులో కొత్తేముంది, మా ఇంట్లోనూ ఇంతే అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని మన ఇళ్ళలో కోపం వచ్చినప్పుడు నోరు జారుతుంది. కామేశం కొట్లో కోపంలో కూడా జారదు. కామేశం మీద ఒళ్ళు మండినప్పుడు ఆయన భార్య కనకాంబ, "మీ తెలివి నిండుకుందండీ" అనేది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద జమ చేసుకునేవాడు. 'లేదు' అన్న మాట సరేసరి. ఎవరేం అడిగినా, దొరకని వస్తువైతే, రేపు చూడండి అనేవాడు. ఆ రేపు ఎప్పటికీ రాకపోయినా ఎవరూ నొచ్చుకోలేదు.

ఇక కొట్టుకి కాపలా అంటారా, తలుపుకి ఇత్తడి తాళం ఒకటి ఉండేది. దాని తాళంచెవి ఆ పక్కనే మేకుకి వేలాడుతుండేది. తాళం దొంగల కోసం కాదు, బజారు గేదెల కోసం. గేదెలకి తాళంచెవి వాడటం రాదు కాబట్టి అంత భద్రత చాలింది. దొంగలకి వచ్చినా వాళ్ళు ఆ వైపు చూడలేదు. దొంగకైనా పెళ్ళాం ఉంటుంది. ఎత్తుకొచ్చిన పసుపూ కుంకుమా ఆవిడ చేతికిచ్చే ధైర్యం ఏ దొంగకుంటుంది?

అలా ఉండగా చిరువర్తక ప్రాంగణ భద్రతా మండలి అని ఒకటి పుట్టింది. ఎందుకు పుట్టిందో మండలికే తెలియాలి. పుట్టింది కాబట్టి చిన్న చిన్న కొట్లన్నిటినీ తనిఖీ చేసి, భద్రత మెరుగుపరచి, పత్రం ఇస్తామంది. మాఘమాసంలోగా పత్రం గోడకి తగిలించని కొట్టుకి సీలు వేస్తామని కూడా అంది. మాఘం అంటే పెళ్ళిళ్ళు. కామేశానికి ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది ఆ ముహూర్తాల మీదే.

మండలి తరఫున వచ్చిన అధికారి పేరు విశ్వంభరం. మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకి ఒక కళ్ళజోడు ఉండేది. అది పెట్టుకుంటే అధికారి, తీస్తే మామూలు మనిషి. మొదటిరోజు కళ్ళజోడు లేకుండానే వచ్చి, చాప మీద కూర్చుని మజ్జిగ తాగి, మాఘంలో మా అమ్మాయి పెళ్ళండీ కామేశం గారూ, పసుపుతాడు మీ కొట్లోదే అయితీరాలని మా ఆవిడ పట్టు పట్టింది, మీ కొట్లో చెడ్డమాట పడదటగా అన్నాడు. కామేశం సంతోషించి, దారం తానే స్వయంగా పేని ఇస్తానన్నాడు. విశ్వంభరం చేతులు జోడించాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"వర్తక మహాశయా, తమ ప్రాంగణమున ఇంతవరకు ఎన్ని చౌర్యములు జరిగినవి?"

దొంగతనాలు జరిగిన గుర్తు ఎప్పుడూ ఎరగమని కామేశం చెప్పాడు.

"అనగా దొంగలు ఇంకను సమాచార సేకరణ దశలోనే ఉన్నారన్నమాట. ఇది మిక్కిలి ప్రమాదకరమైన దశ."

కామేశానికి మొదటిసారి భయం వేసింది. ఇన్నేళ్ళుగా దొంగలు తన కొట్టు గురించి ఆలోచిస్తూనే ఉన్నారని ఆయనకి తట్టలేదు.

ఆ తర్వాత సరుకు సంగతి వచ్చింది. కుంకుమ ఏ మేరకు ఉందని అధికారి అడిగాడు. ఆ పూట డబ్బా అడుగు గీకి ఎవరికో ఇచ్చారు. కామేశం నిండుకుందండీ అన్నాడు. అధికారి, కుంకుమ నిండుగా కలదు, అని రాసుకున్నాడు. పసుపు కూడా నిండుకుంది, గంధం కూడా నిండుకుంది. అధికారి కనుబొమలు పైకి లేచాయి. గాజుల సంగతేమిటన్నాడు. నిన్న బండి దించేటప్పుడు కుదుపుకి చాలా పెరిగాయండీ అని కామేశం దిగులుగా చెప్పాడు. కుదిపిన యెడల సరుకు వృద్ధి చెందుచున్నది, అని అధికారి రాసుకున్నాడు. కొట్లో చీకటిగా ఉంది, దీపమేదని అడిగాడు. ఇప్పుడే కొండెక్కిందండీ అంది కనకాంబ.

"ఏ కొండ?" అన్నాడు అధికారి.

కనకాంబ భర్త వంక చూసింది. కామేశం గొంతు తగ్గించి, అదేంటండీ, తమరూ తెలుగువారే కదా, నిండుకోవడం అంటే తమకి తెలియనిదా అన్నాడు. విశ్వంభరం కళ్ళజోడు తీశాడు. "నాకు తెలుసండీ. మా ఇంట్లోనూ అలాగే అంటాం" అన్నాడు మెత్తగా. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కాని తనిఖీలో ఉండగా నాకు తెలియదు. తనిఖీలో మాటకు నిఘంటువు చెప్పిన అర్థమే చెల్లును."

నిఘంటువు చెప్పిన అర్థం ప్రకారం సంగతి ఇలా తేలింది. కామేశం కొట్లో సరుకంతా అంచుల దాకా నిండి ఉంది. అది చాలక తనంతట తాను పెరుగుతోంది. ఒక దీపం ఎవరికీ చెప్పకుండా కొండల్లోకి వెళ్ళిపోయింది, దాని మీద ఫిర్యాదు కూడా ఇవ్వలేదు. ఇంతటి ప్రమాదంలో ఉన్న కొట్టు జిల్లాలో ఇంకోటి కనపడలేదు. కాలవగట్టు బజారులోకెల్లా ఖాళీగా ఉన్న కొట్టుకి ప్రథమశ్రేణి రక్షణ మంజూరైంది.

ముందు ఇనప ఊచలు వచ్చాయి. తర్వాత సరుకుకీ కొనేవాళ్ళకీ మధ్య మూడడుగుల ఎడం ఉండాలన్న ఆజ్ఞ వచ్చింది. గాజులు తొడగాలంటే చెయ్యి పట్టుకోవాలి కదా అని కనకాంబ అడిగితే, తొడుగుట అనునది సరుకును అపరిచిత వ్యక్తికి అప్పగించుటయే, కనుక ఆ వ్యక్తిని ఊచల వెలుపలనే ఉంచి తొడగవలెను అని జవాబొచ్చింది. కనకాంబ ఊచల సందులోంచి వాళ్ళ చేతులు పెట్టించుకుని తొడిగింది. కొత్తపెళ్ళికూతురు ఒకతె చెయ్యి, గాజులు నిండుగా పడ్డాక, ఊచల సందులోంచి వెనక్కి రాలేదు. వాళ్ళ అత్తగారు, కోడలు గుమ్మం దగ్గరే ఆగింది, ఇది మంచి శకునమే అని సరిపెట్టుకుంది. పనివాడు వచ్చి ఊచ వంచేదాకా అందరూ కాఫీలు తాగారు. ఇంకా మూలకో ఉబ్బెత్తు అద్దం పెట్టారు. దాంట్లో వెనకనుంచి వచ్చే దొంగ కనపడతాడన్నారు. ఆడవాళ్ళు అందులో బొట్టు సరిచేసుకున్నారు.

వీటన్నిటినీ కామేశం ఓర్చుకున్నాడు. మాఘం ముందుంది, పత్రం కావాలి. చివరికి గేటు వచ్చింది.

అది మాట్లాడే గేటు. వీధి గుమ్మానికి ఉక్కు తలుపు బిగించి, పక్కన చిల్లుల పెట్టె ఒకటి పెట్టారు. ఆ పెట్టె మనిషి మాట వింటుంది. వచ్చేవాళ్ళు వస్తున్నానని చెప్పాలి. గేటు స్వాగతం అని తెరుచుకుని, ఒక మనిషిని లోపల కలుపుకుంటుంది. వెళ్ళేవాళ్ళు పోతున్నానని చెప్పాలి. గేటు తెరుచుకుని ఒక మనిషిని తీసేస్తుంది. లోపల ముప్ఫై మందికి మించి ఉండకూడదు. నిండితే గేటు బిగుసుకుంటుంది. ఎవరో ఒకరు పోతున్నానంటే తప్ప కదలదు.

వెళ్ళడానికి ఏ మాట పెట్టాలన్న దాని మీద మండలిలో పెద్ద చర్చే జరిగిందట. నిష్క్రమించుచున్నాను అని పెడదామని కొందరన్నారు. విశ్వంభరమే లేచి, పామర జనులకు సుబోధకమైన పలుకు ఉండవలెనని వాదించి పోతున్నాను అన్నదాన్ని గెలిపించాడు. ఆ సంగతి కామేశంతో గర్వంగా చెప్పాడు. అధికారుల కోసం లోపలికి వచ్చేందుకు వేరే మాట ఉంది, 'తనిఖీ' అంటే చాలు, ఎంత నిండినా తెరుచుకుంటుంది.

బయటికి వెళ్ళేందుకు కూడా తమకి వేరే మాట ఉందా అని కామేశం అడిగాడు.

"ఉండదు. సరుకు పోవునది వెలుపలికే గాని లోపలికి కాదు గదా. వెలుపలికి వెళ్ళుటలో అధికారియు, సామాన్యుడును సమానులే" అన్నాడు విశ్వంభరం.

కామేశం చెవులు మూసుకున్నాడు. సమానత్వం గురించి కాదు. ఆ మాటలో 'పోవునది' అని ఒకటి ఉంది.

గేటు పెట్టిన రోజున జనం వింతగా వచ్చారు. వస్తున్నాననగానే స్వాగతం అన్నందుకు మురిసిపోయారు. సరుకు కొనుక్కుని, గుమ్మం దగ్గర ఆగి, అలవాటు కొద్దీ, మరి వస్తాం అన్నారు. గేటు మళ్ళీ స్వాగతం అని తెరుచుకుంది. వాళ్ళు వెళ్ళిపోయారు. కాని గేటు లెక్కలో వాళ్ళు ఇంకోసారి లోపలికి వచ్చారు. ఒక మనిషి వచ్చి వెళితే లోపల ఇద్దరయ్యారు. ఈ సంగతి కామేశానికి తెలియదు. గేటు మర్యాదగానే ఉందే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి దాలమ్మ వచ్చింది. లంకల్లో కూరగాయలు పండించే ముసలమ్మ. మనవరాలి పెళ్ళికి గాజులూ పసుపుతాడూ తీసుకుని, కొంగున కట్టుకుని, గుమ్మం దగ్గరికొచ్చి, వస్తా బాబూ అంది.

"లోపల చోటు లేదు" అంది గేటు.

కామేశం తండ్రి కొట్టు పెట్టిన నాటి నుంచి ఆ గోడలు వినని మాట అది. దాన్ని మొదటిసారి అన్నది మనిషి కూడా కాదు. కనకాంబ గబగబా లోపలికెళ్ళి గుప్పెడు ఉప్పు తెచ్చి గేటుకి దిష్టి తీసింది.

దాలమ్మ ఇంకోసారి వస్తానంది. గేటు ఇంకోసారి చోటు లేదంది. అప్పుడు కామేశం ఆమె దగ్గరికెళ్ళి, గేటు వదలాలంటే ఏ మాట అనాలో, ఆ మాట అనకుండానే, సైగలతో ముసలమ్మకి తెలియజెప్పాడు. అర్థమయ్యేసరికి ఆమె గుండె మీద చెయ్యేసుకుంది.

"పెళ్ళికూతురి గాజులు కొంగునెట్టుకుని ఆ మాటనమంటావా బాబూ? నానన్ను. కూకుంటాను."

కూర్చుంది. కనకాంబ అన్నం పెడితే తింది. కునుకు తీసింది. లేచి కాసేపు పసుపుకొమ్ములు ఏరిపెట్టింది. పొద్దు వాలుతుంటే కనకాంబకి పెరటి గుమ్మం గుర్తొచ్చింది. కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక వంటిల్లు, వంటింటి వెనక పెరడు, పెరట్లోంచి కాలవ దారిలోకి ఒక చెక్క తలుపు. దానికి గడియ కూడా సరిగ్గా పడదు. మండలి తనిఖీ వీధి గుమ్మంతో మొదలై వీధి గుమ్మంతోనే ఆగింది కాబట్టి అది ఎవరి కంటా పడలేదు.

దాలమ్మ బయల్దేరుతూ గాజులు తీసుకుంది, పసుపుతాడు మాత్రం తీసి కామేశం చేతిలో పెట్టింది. ఇది పెరటి దారిన తీసుకెళ్ళేది కాదు బాబూ, నీ వీధి గుమ్మం బాగుపడ్డాక వచ్చి పట్టుకెళ్తానంది. కామేశం కాదనలేకపోయాడు. తండ్రి చెప్పిన మాట కూడా అదే. పసుపుతాడు ముందు గుమ్మం దాటే వెళ్ళాలి.

మర్నాడు కామేశం మండలి ఆఫీసుకి వెళ్ళి, కొట్లో నేనూ మా ఆవిడా తప్ప ఇంకెవరూ కనపడరు, గేటేమో నిండిందంటోందని మొరపెట్టుకున్నాడు. విశ్వంభరం కళ్ళజోడు సర్దుకున్నాడు.

"గేటు లెక్క ప్రకారము లోపల ముప్ఫై మంది కలరు. తమకు కనబడకపోవుట తమ దృష్టికి సంబంధించిన విషయము. దానికి వైద్యశాఖ కలదు."

వాళ్ళని ఎలా పంపించాలని కామేశం అడిగాడు. ఒక్కొక్కరే గేటు ముందు నిలబడి ఆ మాట పలికి వెళ్ళాలని జవాబొచ్చింది. వాళ్ళు వెళ్ళేదాకా ముప్ఫై మందికీ మంచినీళ్ళు, కూర్చోడానికి చాపలు, విసనకర్రలు ఏర్పాటు చెయ్యడం యజమాని బాధ్యత అని కూడా చెప్పారు. ఆ ఏర్పాట్లలో లోపం ఉంటే పత్రం రాదు.

కామేశం చాపలు పరిచాడు. కనకాంబ రోజూ పొద్దున్నే ముప్ఫై గ్లాసులతో నీళ్ళు పెట్టింది, సాయంత్రం వాటిని కరివేపాకు చెట్టుకి పోసింది. చెట్టు ఏపుగా ఎదిగింది. కొట్టు ఊడ్చేటప్పుడు కాస్త జరగండమ్మా అనడం కూడా ఆమెకి అలవాటైంది. జరిగారో లేదో గాని ఎవరూ ఎదురు చెప్పలేదు.

బేరాలు పెరటి దారిన సాగాయి. గాజులు, గంధం, కర్పూరం అలాగే వెళ్ళాయి. కాని పసుపుతాళ్ళు కదలలేదు. వాటికోసం వచ్చినవాళ్ళు వీధి గుమ్మం వైపు చూసి, గేటు చెప్పేది విని, వెనక్కి తిరిగారు. కామేశం కొట్లో 'లేదు' వినపడుతోందట అన్న కబురు లంకల దాకా పాకింది. పడవలు పట్నం వైపు మళ్ళాయి. మాఘం ఇంకెంతో దూరం లేదు. తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి ఇనప ఊచల వెనక కాదు, జనం చెవుల్లో ఉందని, అది రోజుకింత కరిగిపోతోందని కామేశానికి తెలుస్తూనే ఉంది. కొయ్యకి వేలాడే పసుపుతాళ్ళు ఎండి రంగు తగ్గుతుంటే రోజూ పసుపునీళ్ళలో ముంచి మళ్ళీ ఆరబెట్టాడు. దాలమ్మది విడిగా, చీటీ కట్టి పెట్టాడు.

ఒకరోజు గేటు ముందుకెళ్ళి నిలబడ్డాడు. ముప్ఫై సార్లు ఆ మాట అంటే చాలు. గేటు ఖాళీ అవుతుంది, పత్రం వస్తుంది, కొట్టు నిలుస్తుంది. నోరు తెరిచాడు. వెనకనుంచి గాలికి పసుపుతాళ్ళు కదిలాయి. ఎవరెవరి పిల్లల మెళ్ళోనో పడాల్సినవి. నోరు మూసుకున్నాడు. చూస్తున్న కనకాంబ, అనేస్తే సరిపోతుందిగా అనబోయి, సరిపోవడంలో కూడా ఆ అక్షరం ఉందని నాలిక్కరుచుకుంది. ఇద్దరూ వెళ్ళి చాపల మీద, ముప్ఫై మందినీ ఒరుసుకోకుండా, ఒక వార కూర్చున్నారు.

మాఘం వచ్చింది. విశ్వంభరం తుది తనిఖీకి వచ్చాడు. ఆ మర్నాడే వాళ్ళమ్మాయి పెళ్ళి కాబట్టి పసుపుతాడు కూడా తీసుకెళ్ళాలని, భార్యని కారులో వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గేటు బయటే ఆగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తనిఖీ అన్నాడు. గేటు తెరుచుకుని, ఆయన్ని లోపలికి తీసుకుని, మూసుకుంది.

చాపలు చూశాడు. గ్లాసులు లెక్కపెట్టాడు. లోపలి జనము చక్కని క్రమశిక్షణతో మెలగుచున్నారని మెచ్చుకున్నాడు. కాని ఒక్కరూ వెళ్ళలేదు కాబట్టి పత్రం ఇవ్వడానికి వీలుపడదనీ, రేపు సీలు వేసేవాళ్ళు వస్తారనీ చెప్పాడు. విశ్వంభరం కళ్ళజోడు తీసి, మెత్తబడి, ఏమీ అనుకోకండి కామేశం గారూ, ఉద్యోగం కదా, మా పసుపుతాడు ఇప్పిస్తారా అన్నాడు.

కొట్టుకి రేపు సీలు పడుతుందని విన్నాక కూడా కామేశం దేవుణ్ణి తలుచుకుని, స్వయంగా పేనిన తాడుని తమలపాకులో పెట్టి ఇచ్చాడు. కనకాంబ పసుపూ కుంకుమా ఇచ్చింది. విశ్వంభరం రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని, గేటు దగ్గరికెళ్ళాడు.

"మరి వస్తాను."

"లోపల చోటు లేదు" అంది గేటు.

ఆయన నవ్వి, ఆ అలవాటు ఎక్కడికి వెళుతుంది అనుకుంటూ, అనాల్సిన మాట అనబోయాడు. పెదిమలు కలిశాయి. బయటి నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఏవండీ. చేతిలో పిల్ల పసుపుతాడుంది."

ఆ పెదిమలు అలాగే కలిసి ఉండిపోయాయి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నిష్క్రమించుచున్నాను అన్నాడు. గేటు పలకలేదు. బహిర్గమించుచున్నాను అన్నాడు. ప్రాంగణమును విడనాడుచున్నాను అన్నాడు. మాట అస్పష్టము, అంది గేటు. ఆ గేటుకి పామర జనులకు సుబోధకమైన మాట తప్ప వేరేది నేర్పలేదు. మండలికి ఫోను చేశాడు. నియమము తమరు స్వయముగా రచించినదే గదా అని అటునుంచి సగౌరవంగా గుర్తు చేశారు. కామేశం గారూ, ఆ ఒక్కమాట మీరనండి అని బతిమాలాడు.

"తాడు తమ చేతిలోనే ఉంది గాని, ఇంకా నా గుమ్మం దాటాల్సి ఉందండి" అన్నాడు కామేశం. "దాటేదాకా అది నా బిడ్డ పెళ్ళి లాంటిదే."

విశ్వంభరం వెళ్ళి ఒక చాప మీద కూర్చున్నాడు. గ్లాసుడు నీళ్ళు తాగాడు. బయట భార్య కారు హారను మోగిస్తోంది. పెళ్ళికూతుర్ని చేసే వేళ దగ్గర పడుతోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దాంతో మామూలు మనిషయ్యాడు. మామూలు మనిషి చూపు కాబట్టి, వెనక వైపు నుంచి వంకాయల గంపతో నడిచొస్తున్న దాలమ్మ కనపడింది.

ఈమె ఎటునుంచి వచ్చిందని అడిగాడు.

"పెరటి గుమ్మంలోంచండి" అంది కనకాంబ.

విశ్వంభరం నెమ్మదిగా కళ్ళజోడు పెట్టుకున్నాడు. తనిఖీ పత్రంలో ఆ గుమ్మం ఉందా అని అడిగాడు. తమరు అడిగితే చెప్పేవాళ్ళమండి అన్నాడు కామేశం. పసుపుతాడు పెరటి దారిన వెళ్ళకూడదు, దాలమ్మది కూడా అందుకే ఆపానని కూడా చెప్పాడు. అధికారి లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరాక ఆయన బుర్ర అంత చురుగ్గా ఎన్నడూ పనిచెయ్యలేదు.

"మండలి దృష్టిలో ఈ ప్రాంగణమునకు ద్వారము ఒక్కటే. ఒక్కటే ద్వారము ఉన్నచోట పెరటి ద్వారము అనునది ఉండజాలదు. గేటు నిండినది కనుక అది గోడతో సమానము. కావున మనుషులు ఏ దారిన వచ్చి వెళ్ళుచున్నారో అదియే వీధి గుమ్మము. అధికారిగా శాసించుచున్నాను."

కామేశం ఆ మాటల్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయనకి ప్రభుత్వ భాష అందంగా వినిపించింది.

కనకాంబ అప్పటికే పసుపు ముద్ద తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గడప లాంటి చెక్క ఒకటి ఉంటే దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. దాలమ్మ గంప దింపి మామిడాకులు కోసి తోరణం కట్టింది. కామేశం ముందు నడిచాడు. విశ్వంభరం పసుపుతాడు రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి, పిడకల దొంతి పక్కనుంచి, సొరపందిరి కింద వంగి, కొత్త వీధి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మరి వస్తాను కామేశం గారూ."

"మంచిదండి."

ఎవరూ చోటు లేదనలేదు. ఆయన గడప దాటాడు. ఆ వెనకే దాలమ్మ కూడా, చీటీ కట్టిపెట్టిన తన తాడు అడిగి తీసుకుని, వస్తా బాబూ అని దాటింది.

విశ్వంభరం కూతురి పెళ్ళి బాగా జరిగింది. ఆ మర్నాడు ఆయన ఆఫీసుకి వెళితే కుర్చీలో కూర్చోనివ్వలేదు. గేటు లెక్క ప్రకారం తమరు కామేశం ప్రాంగణంలో ఉన్నారు, వెలుపలికి వచ్చినట్టు ఆధారం కనబడుట లేదు, ఒకే ఉద్యోగి రెండుచోట్ల ఉండుట నిబంధనలకు విరుద్ధమని చెప్పారు. ఆయన తన గుండె మీద చెయ్యేసి చూపించాడు. అది ఆధారం కిందికి రాదన్నారు. చేసేదేమీ లేక రోజూ పదింటికి కాలవ దారిన వచ్చి కామేశం కొట్లో కూర్చోడం మొదలుపెట్టాడు. జీతం సక్రమంగానే వచ్చేది. ఊరికే కూర్చోడం దేనికని కనకాంబ ఆయన చేత బాసికాలు కట్టించింది. కళ్ళజోడు తీసేస్తే ఆయన వేళ్ళు చాలా ఒడుపుగా పనిచేసేవి.

లంకల పడవలు మళ్ళీ రాసాగాయి. కాలవ దారి గుమ్మం పడవలకి మరీ దగ్గర. సీలు వేసేవాళ్ళు వచ్చి, అప్పటికే ఎవరూ చొరబడలేని విధంగా బిగుసుకున్న గేటుని చూసి, దీనికి సీలు కూడా ఎందుకని వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి కొత్త అధికారి వచ్చాడు. లోపలికి వెళ్ళిన అధికారి తిరిగి రాకపోవడం మండలిని కలవరపెట్టింది కాబట్టి తనిఖీలన్నీ ఇకపై వెలుపలి నుంచే చెయ్యాలని ఆజ్ఞ అయింది. ఆయన గేటు ముందు నిలబడి, గేటు సందులోంచి లోపలికి తొంగిచూస్తూ, గొంతెత్తి అడిగాడు.

"వర్తక మహాశయా, విశ్వంభరము గారు లోపల ఉన్నారా?"

విశ్వంభరం అప్పుడే కాఫీ తాగొస్తానని పెరటి దారిన వెళ్ళాడు. కామేశం సంకటంలో పడ్డాడు. ఉన్నారంటే అబద్ధం. ఉన్నవి లేవని గాని, లేనివి ఉన్నాయని గాని ఆయన ఏనాడూ అనలేదు. ఎటు వెళ్ళారో చెబితే పెరటి గుమ్మం బయటపడుతుంది. పోనీ అడిగినదానికి నిజం చెబుదామంటే, ఆ నిజానికి ఒకటే మాట ఉంది. ఆ మాట ఎవరి గురించీ ఆ కొట్లో అనకూడదు. నిన్నగాక మొన్న కూతురి పెళ్ళి చేసినాయన గురించి అసలే అనకూడదు. ఆయన పసుపుతాళ్ళ వంక చూశాడు. తండ్రిని తలుచుకున్నాడు.

"నిండుకున్నారండి" అన్నాడు.

కొత్త అధికారి ముఖం విప్పారింది. జేబులోంచి కలం తీసి, అధికారి లోపల నిండుగా ఉన్నారు, అని రాసుకున్నాడు. జిల్లాలో అధికారి శాశ్వతంగా లోపలే కాపలా ఉన్న ప్రాంగణం ఇదొక్కటే అని ప్రథమశ్రేణి భద్రతా పత్రం ఇచ్చి, దాన్ని గేటుకి బయట వైపు తగిలించాడు. చాలా తృప్తిగా వెనక్కి తిరుగుతూ, మరి వస్తాను అన్నాడు.